పాత ప్లాస్టిక్ విమాన బొమ్మలు, వాటి అసలు విమానాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మా ముందు గదిలో ఈ బొమ్మలు పేర్చిన ఒక అద్దాల బీరువా ఉంది. దాన్ని చూసినవాళ్లు అడిగే ప్రశ్నలే ఇవన్నీ. కొన్నిటికి ఒక్క మాట సరిపోతుంది. కొన్నిటికి మాత్రం కూర్చోబెట్టి, బొమ్మ చేతిలో పెట్టి చెప్పాలి. ఇక్కడ ఆ వీలు లేదు కాబట్టి అలాంటివి కాస్త వివరంగా రాశాను.

ఎలాంటి బొమ్మల గురించి చెబుతున్నారు?

1950ల నుంచి 1980ల దాకా పిల్లలు ఆడుకోవడానికి వచ్చిన ప్లాస్టిక్ విమానాల గురించి. అరచేతిలో పట్టేవి, దారం కట్టి లాగేవి, నేల మీద రుద్ది వదిలితే పరిగెత్తేవి. ముక్కలు అతికించి తయారు చేసుకునే మోడల్ కిట్లు వేరే సంగతి. వాటి డబ్బా మీదే విమానం పేరు ఉంటుంది. మన బొమ్మలకు చాలాసార్లు డబ్బా ఉండదు, పేరు ఉండదు, చేసినవాళ్ల గుర్తు కూడా ఉండదు. ఉన్నదల్లా ఆకారం. ఆ ఆకారాన్ని పట్టుకుని అసలు విమానం దాకా వెళ్లొచ్చని తెలిసిన రోజు నుంచీ నాకు ఇదే ధ్యాస.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇవి దొరుకుతాయా?

దొరుకుతాయి. ముందు మీ ఇంటి అటక వెతకండి. పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరానికో, రథసప్తమికి అరసవల్లికో, ఊళ్లో అమ్మవారి తీర్థానికో వెళ్లి పిల్లలకు బొమ్మ కొనకుండా వచ్చిన ఇల్లు ఉండేది కాదు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక బొమ్మలు అటక మీద ఇత్తడి బిందెల్లోకి, పాత గోనె సంచుల్లోకి వెళ్లిపోయాయి.

తర్వాత తుక్కు కొట్లు. అక్కడ పాత ప్లాస్టిక్ కిలోల లెక్కన వస్తుంది, రెండు మూడు రోజుల్లో లారీ ఎక్కిపోతుంది. కొట్టు ఆయనతో పరిచయం పెంచుకుని, బొమ్మలు వస్తే పక్కన పెట్టమని చెప్పి ఉంచాలి. ఇక రంగూన్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాల ట్రంకు పెట్టెలు, నేవీలోనూ సరుకు ఓడల్లోనూ పనిచేసి రిటైరైనవాళ్ల ఇళ్లు. సింగపూర్ నుంచో హాంకాంగ్ నుంచో పిల్లల కోసం తెచ్చినవి అక్కడ కనిపిస్తాయి.

అడిగేటప్పుడు ఎందుకు కావాలో కూడా చెప్పండి. చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో ఒక పెద్దావిడ "ఏటి బాబూ, ఈ ఇరిగిపోయిన బొమ్మ నీకేటికి?" అని అడిగింది. ఇది డకోటా అమ్మా, 1947 అక్టోబర్ 27న మన సిపాయిల్ని శ్రీనగర్‌లో దించింది ఈ రకం విమానమే అని చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లి బొత్తాల డబ్బా తెచ్చి, అడుగున ఉన్న చిన్న నల్ల చక్రం తీసి ఇచ్చింది. ఊడిపోయిన తోక చక్రం అది. ఎప్పటికైనా అతికిద్దామని దాచిందట.

పేరు లేని బొమ్మ ఏ విమానమో ఎలా తెలుస్తుంది?

రంగు చూడకండి. ఫ్యాక్టరీలో ఆ రోజు ఏ రంగు గుళికలు పోస్తే ఆ రంగు బొమ్మ వచ్చేది. ఎర్ర మిగ్‌లు, పచ్చ జంబోలు నా దగ్గరే ఉన్నాయి. స్టిక్కర్లను కూడా నమ్మొద్దు, ఒకే స్టిక్కర్ పది రకాల బొమ్మలకు వేసేవారు.

చూడాల్సిన వరస ఇది: రెక్కలు, ఇంజన్లు, ఒళ్లు, తోక. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు విమానాల్ని గుర్తుపట్టడం నేర్పింది ఈ వరసలోనే. ఆ పాఠాల కోసం నల్ల ప్లాస్టిక్‌తో, అసలుదానిలో 72వ వంతు సైజులో నమూనాలు చేయించారు. షికాగోలోని క్రూవర్ అనే కంపెనీ వాటిని చేసింది.

రెక్క ఒంటికి పైన ఉందా, మధ్యలోనా, కింద ఉందా? తిన్నగా ఉందా, వెనక్కి వాలిందా, త్రికోణమా? ఇంజన్లు ఎన్ని, ఎక్కడ ఉన్నాయి? ఫ్యానులున్నాయా, జెట్ గొట్టాలా? ముక్కు మొనగా ఉందా, తెరిచిన నోరులా ఉందా? నిలువు తోకలు ఎన్ని? అడ్డతోక ఒంటికి ఉందా, నిలువు తోక మీదికి ఎక్కి కూర్చుందా? కరెంటు పోయిన రాత్రి టార్చి వేసి బొమ్మ నీడ గోడ మీద చూడండి. రంగూ గీతలూ మాయమై ఆకారం ఒక్కటే మిగులుతుంది. నాకు పట్టుబడని బొమ్మలు ఎన్నో ఆ నీడలోనే పట్టుబడ్డాయి.

కొలతలు పనికొస్తాయా? బొమ్మలకు స్కేలు ఉండదు కదా?

స్కేలు ఉండదు కానీ నిష్పత్తి ఉంటుంది. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరికి కొలిచి, దాన్ని ముక్కు నుంచి తోక వరకు ఉన్న పొడవుతో భాగించండి. డకోటాకు సుమారు 1.47 వస్తుంది, ఎందుకంటే దాని రెక్కలు 29 మీటర్లు, పొడవు 20 మీటర్లకు కాస్త తక్కువ. బోయింగ్ 707లో పెద్ద రకానికి 0.95, తొలినాటి 747కి 0.84, మిగ్-21కి సగం లోపు, కాంకార్డ్‌కు 0.41.

బొమ్మ చేసేవాళ్లు డబ్బాలో పట్టడానికి రెక్కలు కురచ చేసేవారు, విరగకుండా మందం పెంచేవారు, చక్రాలు మరీ పెద్దవి పెట్టేవారు. అందుకని లెక్క అచ్చంగా కుదరదు. అయినా రెండు పేర్ల మధ్య ఊగిసలాడుతున్నప్పుడు ఈ లెక్క ఒకదాని వైపు మొగ్గుతుంది. నిర్ధారణ మాత్రం కనీసం ఇంకో గుర్తు కూడా కలిశాకే చెయ్యండి.

ప్రయాణికుల విమానాల్లో తరచుగా కనిపించేవి ఏవి?

రెండు ఫ్యానులు, కింద రెక్క, తోక నేలకు ఆని ముక్కు పైకెత్తి ఉంటే డకోటా. రెక్క ముందు అంచు వెనక్కి వాలి, వెనక అంచు దాదాపు తిన్నగా ఉంటుంది. రెండు ఫ్యానులుండి, కింద రెక్క మీద ఇంజన్లు బోర్లించినట్టు కనిపిస్తూ, ముక్కు కింద చక్రం కూడా ఉంటే అది ఆవ్రో 748. దాన్ని మన హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) కాన్పూర్‌లో తయారు చేసింది, అక్కడ చేసిన మొదటిది 1961లో ఎగిరింది. అదే రెక్క ఒంటికి పైన ఉంటే ఫోకర్ ఫ్రెండ్‌షిప్. ఈ మూడూ మన ఆకాశంలో ఏళ్ల తరబడి తిరిగినవే.

నాలుగు సన్నని ఇంజన్లు రెక్క ముందుకు పొడుచుకొచ్చి, కిటికీలు పెద్ద కోడిగుడ్ల ఆకారంలో ఉంటే వైకౌంట్. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వీటిని 1957లో తెచ్చింది. జెట్ ఇంజన్లు విడిగా వేలాడకుండా రెక్క మొదట్లోనే దాగి ఉంటే కామెట్, 1949లో మొదటిసారి ఎగిరిన జెట్ ప్రయాణికుల విమానం. కారవెల్‌కు ఇంజన్లు తోక దగ్గర ఉంటాయి, కిటికీలు మూలలు గుండ్రం చేసిన త్రికోణాలు. ఈ కిటికీని ఒక్కసారి చూశారంటే ఇక మరిచిపోరు.

నాలుగు జెట్‌లు రెక్కల కింద వేలాడితే 707 అని తొందరపడి రాసుకోవద్దు. నిలువు తోక కొనన ముందుకు పొడుచుకొచ్చిన సన్నని సూది ఉందేమో చూడండి, ఆ యాంటెన్నా 707కి మంచి ఆనవాలు. బొమ్మల్లో అది విరిగిపోయి మొద్దు మాత్రం మిగిలి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. తల మీద మూపురం ఉంటే జంబో, అంటే 747. ఎయిర్ ఇండియాకు ఇది 1971లో వచ్చింది. తొలి రకాల మూపురం మీద పక్కకు మూడేసి కిటికీలే ఉండేవి. జాగ్రత్తగా చెక్కిన అచ్చుల్లో ఆ మూడూ కనిపిస్తే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

అడ్డతోక లేని సన్నని తెల్ల విమానం కాంకార్డ్. పైలట్ గది వెనక చిన్న మీసాల్లాంటి రెక్కలుంటే అది రష్యావాళ్ల టుపోలెవ్-144.

యుద్ధ విమానాల్లో సేబర్‌కీ మిగ్‌కీ తేడా ఏమిటి?

అందరూ తడబడేది ఇక్కడే. అమెరికావాళ్ల సేబర్, రష్యావాళ్ల మిగ్-15 రెండిటికీ ముక్కు తెరిచే ఉంటుంది, రెక్కలు వెనక్కి వాలే ఉంటాయి. తోక చూడండి. సేబర్‌కు అడ్డతోక ఒంటి దగ్గర ఉంటుంది. మిగ్-15కు అది నిలువు తోక మధ్యకు ఎక్కి ఉంటుంది. ఈ ఒక్క తేడాతో సగం పేచీలు తీరిపోతాయి.

మిగ్-21 వేరు. తెరిచిన ముక్కులోంచి శంకువు బయటికి వస్తుంది, రెక్కలు త్రికోణం, వెనక విడిగా అడ్డతోక. మన వైమానిక దళంలో 1963లో చేరి, 2025 సెప్టెంబర్ 26న సెలవు తీసుకుంది. ఆ రోజు నా మిగ్‌లన్నీ బీరువాలోంచి తీసి తుడిచి, బల్ల మీద వరసగా పెట్టాను. చిన్న ఒళ్లు, భుజాల దగ్గర గాలి పీల్చే రెండు నోళ్లు ఉంటే నాట్ అయ్యే అవకాశముంది. అసలుదాని రెక్కల వెడల్పు ఏడు మీటర్లు కూడా ఉండదు. 1965 యుద్ధంలో పేరు తెచ్చుకున్నది ఇదే. మారుత్ బొమ్మ మీకు ఎక్కడైనా కనిపిస్తే వదలకండి. మన దేశంలో తయారై 1961లో ఎగిరిన యుద్ధ జెట్ అది.

మా తాతగారి కాలం బొమ్మ. విశాఖ మీద బాంబులు వేసిన జపాన్ విమానమేనా?

ఈ ప్రశ్న మన వైపే ఎక్కువగా వస్తుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు వేసినవి ర్యూజో అనే జపాన్ ఓడ నుంచి లేచిన నకజిమా బి5ఎన్ విమానాలు. ఒక్క ఇంజను, కింద రెక్క, ముగ్గురు వరసగా కూర్చునే పొడుగాటి అద్దాల గది. బొమ్మలో అద్దాల గది పొడుగ్గా ఉందని చాలామంది అదే అనుకుంటారు. ఇద్దరు కూర్చునే శిక్షణ విమానం హార్వర్డ్‌కూ అలాంటి గదే ఉంటుంది. మన పైలట్లు నేర్చుకున్నది దాని మీదే. పేరు పెట్టే ముందు దాంతో పోల్చి చూడండి. తాతగారి మాటను మాత్రం కొట్టిపారేయకండి, ఆయన చెప్పింది కూడా బొమ్మ పక్కన రాసి పెట్టుకోండి.

ఏ విమానానికీ సరిపోకపోతే?

అలాంటివీ ఉంటాయి. ఒక విమానం ఒళ్లు, ఇంకోదాని రెక్కలు, ఊహించి పెట్టిన తోక. అచ్చు చేసిన మనిషికి ఒక్క ఫొటో దొరికి ఉంటుంది, కనిపించని వైపు తనే అల్లుకుని ఉంటాడు. బలవంతంగా పేరు పెట్టొద్దు. "ఒళ్లు 707, తోక కల్పితం" అని రాసి పెట్టండి చాలు.

ఎప్పటి బొమ్మో ఎలా తెలుస్తుంది?

బొమ్మ కంటే డబ్బా, దాని మీద కొట్టు ముద్ర ఎక్కువ చెబుతాయి. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదని, నయా పైసల్లో ఉంటే 1957, 1964 మధ్యదని అనుకోవచ్చు. అడ్రసులో పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది.

మన జిల్లాల సరిహద్దులు కూడా సాక్ష్యం చెబుతాయి. నా దగ్గర ఉన్న ఒక అట్టపెట్టె మీద ఊదా సిరా ముద్రలో "బొబ్బిలి, శ్రీకాకుళం జిల్లా" అని ఉంది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్‌లో. బొబ్బిలి అంతకు ముందు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. విజయనగరం ఊరేమో విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ ఒక్క ముద్రతో పెట్టె వయసుకు ఒక హద్దు దొరికింది.

అడుగున "మేడ్ ఇన్ హాంకాంగ్" అనో "ఎంపైర్ మేడ్" అనో ఉంటే హాంకాంగ్ సరుకు. "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే 1952కు ముందుది. ముక్కోణపు బాణాల మధ్య అంకె ఉంటే 1988 తర్వాత చేసింది. ఐఎస్‌ఐ మార్కు ఉంటే పాతదని ఎవరు చెప్పినా కొనకండి. మన దేశంలో బొమ్మలకు అది తప్పనిసరి అయింది 2021 జనవరి నుంచి.

ఏ ప్లాస్టిక్కో తెలుసుకోవడం ఎందుకు? ఎలా?

శుభ్రం చేసే పద్ధతి, దాచే పద్ధతి దాని మీదే ఆధారపడతాయి. గోటితో తట్టండి. ఖంగుమని మోగితే గట్టి పాలీస్టైరీన్, విరిగితే పెంకులా విరుగుతుంది. మెత్తగా, కొవ్వొత్తిలా జారుతూ వంగితే పాలిథిన్. లోపల ఇనుప ముక్క, స్టిక్కరు లేని బొమ్మ అయితే నీళ్ల పరీక్ష చెయ్యొచ్చు. లోపల గాలి నిలవకుండా చూసి వదిలితే మంచినీళ్లలో పాలిథిన్ తేలుతుంది, పాలీస్టైరీన్ మునుగుతుంది. నీళ్లలో ఇక కరగనంత ఉప్పు కలిపి వేస్తే పాలీస్టైరీన్ కూడా తేలుతుంది, సెల్యులోజ్ ఎసిటేట్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ మాత్రం మునిగే ఉంటుంది. పరీక్ష అయ్యాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి.

ఎసిటేట్‌ను ముక్కుతో కూడా పట్టొచ్చు. పాడవుతుంటే వెనిగర్ వాసన కొడుతుంది. ఆ వాసన వచ్చిన బొమ్మను వెంటనే వేరు చెయ్యండి. దాన్నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి పక్క బొమ్మల్నీ పాడు చేస్తుంది.

ఎలా కడగాలి?

చల్లని నీళ్లు, గిన్నెలు కడిగే సబ్బు ఒక చుక్క, మెత్తబడిన పాత టూత్‌బ్రష్. నీడలో ఆరబెట్టాలి. పెట్రోలు, థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు దగ్గరికి కూడా రానివ్వకండి, పాలీస్టైరీన్ కరిగిపోతుంది.

వేడి నీళ్లు కూడా వద్దు. ఈ మాట బాధతో చెబుతున్నాను. నా మొదటి వైకౌంట్‌కు జిడ్డు వదలడం లేదని మరిగిన నీళ్లు పోశాను. తీసేసరికి ఎడమ రెక్క పైకి ముడుచుకుపోయింది, వరసగా ఉన్న గుడ్డు కిటికీలు సాగిపోయాయి. ఇరవై ఏళ్లయినా దాన్ని బీరువాలోనే ఉంచాను.

విరిగినవి అతికించాలా?

విరిగిన ముక్క మీ దగ్గరే ఉంటే అతికించండి, లేకపోతే కొత్త ముక్క చెక్కి పెట్టొద్దు. ఫెవిక్విక్ లాంటివి వాడితే చుట్టూ తెల్లటి పొగ పట్టినట్టు మచ్చ పడుతుంది, చీపురు పుల్ల కొనతో చుక్క మాత్రమే పెట్టాలి. వేడి చాకుతో అతికించిన పాత అతుకులు ఉంటే కదపకండి. ఏదో ఒక ఇంట్లో ఏడుస్తున్న పిల్లాడి కోసం ఎవరో చేసిన పని అది.

మన ఉప్పు గాలికి, తేమకు ఎలా దాచాలి?

ప్లాస్టిక్‌కు ఉప్పు గాలి పెద్దగా ఏమీ చెయ్యదు. లోపలి ఇనుప ఇరుసులు, స్ప్రింగులు తుప్పు పడతాయి, తుప్పు ఉబ్బి ప్లాస్టిక్‌ను చీలుస్తుంది. ఎండ తగలని చోట, గాలి ఆడే బీరువాలో పెట్టండి. బట్టల బీరువాలో మాత్రం వద్దు, అక్కడ కలరా ఉండలుంటాయి. వాటి ఆవిరికి పాలీస్టైరీన్ మెత్తబడి జిగురు కడుతుంది. రబ్బరు బ్యాండ్లు చుట్టొద్దు, మెత్తని చక్రాలున్న బొమ్మను ఇంకో బొమ్మ మీద ఆనించొద్దు. అంటుకున్న చోట గుంట పడుతుంది.

అట్టపెట్టెలు నేల మీద పెట్టకండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో నాకు తెలిసిన ఒకాయన బొమ్మలన్నీ దక్కించుకున్నాడు. డబ్బాలు మాత్రం ముద్దైపోయాయి. పైన చెప్పిన ముద్రలు, ధరలు, అడ్రసులు అన్నీ డబ్బాల మీదే ఉంటాయని గుర్తుంచుకుని, ముందు వాటిని కాపాడుకోండి.

పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వొచ్చా?

పాతవి వద్దు. ఆ కాలపు రంగుల్లో సీసం, కాడ్మియం ఉండొచ్చు, విరిగితే అంచులు కోసుకుంటాయి. పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి, నీడ ఆట ఆడించండి.

ధర ఎంత పెట్టొచ్చు?

మీరు ఇష్టపడి చూసుకునేదానికి మించి పెట్టొద్దు. అమ్ముకునే ఉద్దేశంతో కొనేవాళ్లకు నేను సలహా ఇవ్వలేను.

అసలు విమానాలు ఎక్కడ చూడొచ్చు?

దగ్గర్లో అయితే విశాఖ బీచ్ రోడ్డు. 2017 డిసెంబర్ నుంచి అక్కడ నౌకాదళపు పాత గస్తీ విమానం టుపోలెవ్-142 మ్యూజియంగా ఉంది. వెనక్కి వాలిన రెక్కలు, నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు ఎదురెదురుగా తిరిగే రెండేసి ఫ్యానులు. ఫొటో ఎంత చూసినా రెక్క కింద నిలబడి తలెత్తి చూసినట్టు ఉండదు. దూరం వెళ్లగలిగితే బెంగళూరులో హెచ్‌ఏఎల్ మ్యూజియం, ఢిల్లీ పాలంలో వైమానిక దళ మ్యూజియం, గోవాలో నౌకాదళ విమాన మ్యూజియం ఉన్నాయి.

మీ సేకరణలో మీకు బాగా ఇష్టమైనది ఏది?

లేత నీలం రంగుది, మూడు నిలువు తోకలున్నది. సిరిమాను సంబరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర మా తాతయ్య కొనిపెట్టారు. చాలా ఏళ్లు దాన్ని "మూడు తోకల విమానం" అనే పిలిచాను. పెద్దయ్యాక తెలిసింది, లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్ అని. ఒకే పెద్ద తోక పెడితే అప్పటి షెడ్లలో పట్టదని ఎత్తు తగ్గించి మూడు పెట్టారట. 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్‌కు ఎయిర్ ఇండియా మొదటిసారి వెళ్లింది ఈ రకం విమానంలోనే, దాని పేరు మలబార్ ప్రిన్సెస్.

గోవా మ్యూజియంలో ఒక సూపర్ కాన్‌స్టలేషన్ ఉంది. ముందు ఎయిర్ ఇండియాలో, తర్వాత వైమానిక దళంలో, నౌకాదళంలో పనిచేసింది. నౌకాదళంలో ఈ విమానాలు నడిపిన స్క్వాడ్రన్‌కే ఆ తర్వాత టుపోలెవ్-142లు వచ్చాయి. అంటే మన బీచ్ రోడ్డు విమానానికి ఇది అన్నలాంటిది. నా బొమ్మను జేబు రుమాల్లో చుట్టుకుని అక్కడికి వెళ్లాను. వేప చెట్టు కింద చెయ్యి చాపి పక్కపక్కన పెట్టి చూశాను. చేప వీపులా వంగిన ఒళ్లు అదే, మూడు తోకలు అవే. కానీ ఎదురుగా ఉన్నది పొడుగ్గా ఉంది, దాని కిటికీలు నలుచదరం. నా బొమ్మ కిటికీలు గుండ్రం. జేబులోంచి టేపు తీసి కొలిచాను. రెక్కలు 15 సెంటీమీటర్లు, పొడవు 12. భాగిస్తే 1.25. సూపర్ కాన్‌స్టలేషన్‌కు 1.08 రావాలి. దానికి ముందు వచ్చిన పొట్టి రకానికైతే 1.26.

తాతయ్య కొనిచ్చింది మలబార్ ప్రిన్సెస్ రకమే.